దొర ఒక్కడే దొర కాలేడు: దుష్ట ప్రభువుల నవలల్లో మీకేది?

నల్లకుంటలో మా ఇంటి డాబా మీద నెలకోసారి ఆరుగురం కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. పోయిన నెల ఆ పుస్తకం గురించి మాట్లాడింది తక్కువ, తర్వాత ఏది చదవాలన్న గొడవే ఎక్కువ. అధికారం ఉన్న ప్రభువు, వాడి చేతికి చిక్కిన మనిషి, ఈ వరస పాత యూరప్ నవలలు చదువుదామని ముందే అనుకున్నాం. అంతవరకూ అందరిదీ ఒకే మాట. ఏది ముందు అనేసరికి ఒకరు ‘డ్రాకులా’ అన్నారు, ఇంకొకరు ఫ్రెంచి నవల అన్నారు. బ్యాంకులో పనిచేసే మిత్రుడు మాత్రం ‘ఏదైనా సరే, మూడొందల పేజీలు దాటొద్దు’ అన్నాడు. ఈ వరసలో అతని కోరిక తీరడం కష్టమే.

మా నాయనమ్మ పక్కనే కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. జనగామ దగ్గరి పల్లెలో, దొర ఉండే కోటలాంటి గడి నీడలో పెరిగిన మనిషి. ‘ఏం కథలే అవి, ఒకటి చెప్పు’ అంది. ఇటలీ నవల మొదలు చెప్పాను. ఒక దొర కన్ను ఒక పిల్ల మీద పడింది, దాంతో ఆ పిల్ల పెళ్లి ఆపించాడు అని. ఆమె అంతా విని, ‘దొర సంగతి నాకెరుకే గని బిడ్డా, పటేలు ఏం జేసిండు? పట్వారీ ఏం రాసిండు? పెండ్లి జేసే అయ్యగారు ఎటువోయిండు?’ అని అడిగింది.

పుస్తకం ఎంచుకోవడానికి ఇంతకన్నా మంచి కొలత నాకు ఇంతవరకూ దొరకలేదు. ఈ నవలల్లో దుష్టుడు ఇంచుమించు ఒక్కలాగే ఉంటాడు. పేరుంది, డబ్బుంది, బోలెడంత తీరిక ఉంది, అడిగేవాడు లేడు. నవలకీ నవలకీ తేడా తెచ్చేది వాడి చుట్టూ ఉన్నవాళ్లు. ఎవరు తలుపు తీశారు, ఎవరు సంతకం పెట్టారు, ఎవరు చూసీ చూడనట్టు పోయారు అన్నదే అసలు కథ.

మనకిది కొత్తేం కాదు. విరాటపర్వంలో కీచకుడి గది దాకా సైరంధ్రిని పంపింది ఎవరు? రాణి సుధేష్ణే, మద్యం తెమ్మని పాత్ర చేతికిచ్చి మరీ. నిండు సభలో వాడు ఆమెను తన్నితే విరాటరాజు నోరెత్తడు. 1963 నాటి ‘నర్తనశాల’ చూసినవాళ్లకు ఎస్వీ రంగారావు నడక గుర్తుంటుంది. తిక్కనను చదివినవాళ్లకు ఆ సభ గుర్తుంటుంది. ‘దుర్వారోద్యమ’ పద్యం నోటికి వచ్చిన మా తాతయ్య కూడా అసలు కోపం విరాటుడి మీదే చూపించేవాడు.

ఇంకో మాట. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ చదవకుండా యూరప్ దొరల వెంట పడితే సగం రుచి పోతుంది. నిజాం కాలపు తెలంగాణ పల్లె, గడి, అందులో దాసీలుగా ఉండే ఆడబాపల బతుకు అన్నీ అందులో ఉన్నాయి. కోఠి వైపు పుస్తకాల షాపుల్లో అడిగి చూడండి. అది చదివాక కింద చెప్పబోయేవాటిలో ఏది తీసినా, పరాయి దేశం కథ చదువుతున్నట్టు అనిపించదు.

నా ఓటు మాత్రం ఇటలీ రచయిత మాంజోనీకే. నాయనమ్మకు చెప్పింది ఆయన నవలే, ఇంగ్లీషులో ‘ద బెట్రోత్డ్’ అంటారు. 1827లో వచ్చింది, తర్వాత ఆయనే భాష మొత్తం సాపు చేసి 1840-42 మధ్య మళ్లీ అచ్చు వేయించాడు. పుస్తకాల ఇటాలియన్ వదిలి ఫ్లోరెన్స్ జనం మాట్లాడే భాషకు తేవాలని ఆయన పట్టుదల. గ్రాంథికం, వ్యావహారికం గొడవ తెలిసిన తెలుగువాళ్లకు ఆ పట్టుదల ఇట్టే అర్థమవుతుంది.

కథ 1628 నవంబరులో మొదలవుతుంది. కోమో సరస్సు పక్కన, స్పెయిన్ ఏలుబడిలో ఉన్న లొంబార్డీలో ఒక పల్లె. రెంజో, లూచియా పెళ్లి మర్నాడు జరగాలి. సాయంత్రం షికారు నుంచి ఇంటికి వస్తున్న ఫాదర్ అబ్బోందియోను ఇద్దరు గూండాలు దారిలో ఆపుతారు. ఈ పెళ్లి రేపే కాదు, ఎప్పటికీ జరగకూడదని దోన్ రోద్రీగో పేరు మీద చెబుతారు. రోద్రీగో అక్కడ కనపడడు, పేరు చాలు. ఫాదర్ ఇంటికెళ్లి దుప్పటి కప్పుకుంటాడు. పెళ్లికొడుకు వస్తే అర్థం కాని లాటిన్ ముక్కలు చెప్పి తప్పించుకోవాలని చూస్తాడు. అలాంటి గూండాలను అణచడానికి ఒకరి తర్వాత ఒకరు గవర్నర్లు ఎన్ని ఫర్మానాలు ఇచ్చారో మాంజోనీ అక్కడే తేదీలతో సహా వరసగా ఉటంకిస్తాడు. అన్ని ఫర్మానాలు ఎందుకు అవసరమయ్యాయో వేరే చెప్పడు, చెప్పక్కర్లేదు కూడా.

నాయనమ్మ ప్రశ్నకు ఇంతకన్నా గట్టి జవాబు ఇచ్చే సీను తర్వాత వస్తుంది. లూచియా తల్లి సలహాతో రెంజో నాలుగు కోడిపుంజులు పట్టుకుని ప్లీడరు దగ్గరికి పోతాడు. కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీసిన పుంజులు, అతను చెయ్యి ఊపుతూ నడుస్తుంటే, ఆ అవస్థలోనూ ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. కష్టంలో ఉన్న మనుషులు చేసేది కూడా ఎక్కువసార్లు అదేనని రచయిత ఒక్క ముక్కలో అనేసి ముందుకు పోతాడు. ప్లీడరు మొదట మహా మర్యాదగా ఉంటాడు. వచ్చినవాడే ఫాదర్‌ను బెదిరించిన గూండా అనుకుని, ఏ ఫర్మానాలో ఏ సందు ఉందో చూపించి బయటపడేస్తానని ధైర్యం చెబుతాడు. బెదిరించినవాడు కాదు, బెదిరింపు వల్ల నష్టపోయినవాడు, అవతల ఉన్నది రోద్రీగో అని తెలియగానే ముఖం మారిపోతుంది. పుంజులతో సహా బయటికి తోస్తాడు. తర్వాత ఫాదర్ క్రిస్తోఫరో అనే మంచి సన్యాసి నిలదీయడానికి రోద్రీగో ఇంటికి పోతే, భోజనాల బల్ల దగ్గర ఎవరున్నారు? ఆ ప్లీడరు, ఆ ఊరి న్యాయాధికారి, ఇద్దరూ చేతిలో గ్లాసులతో. ఇది చెప్పినప్పుడు నాయనమ్మ కత్తెర ఆపింది.

లూచియా కోసం రోద్రీగో ఇంత చేసింది ప్రేమతో కాదు, కనీసం పిచ్చితో కూడా కాదు. కజిన్ అయ్యే ఒక కౌంటుతో పందెం కాశాడు, అంతే. వాడికది సరదా. అందుకే రోద్రీగో నాకు డ్రాకులా కన్నా భయంకరంగా కనిపిస్తాడు. చివరికి 1630 ప్లేగు మిలాన్‌ను ఊడ్చేస్తున్నప్పుడు, వాడికి గడ్డ తేలితే సొంత గూండానే శవాల బండివాళ్లను పిలిచి అప్పగించి, ఇంట్లో సొమ్ము దోచుకుంటాడు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కరువు, ప్లేగు చరిత్ర చెప్పే అధ్యాయాలు సాగుతాయి. 31, 32 అధ్యాయాల్లో పాత్రలు పక్కకు పోయి మిలాన్ నగరం ఒక్కటే మిగులుతుంది. లూచియా ఈ కాలం పాఠకులకు మరీ మెతక అనిపించవచ్చు. మా గుంపులో ఇద్దరు ఆ మాటే పట్టుకుని వ్యతిరేకించారు. మొత్తం 38 అధ్యాయాలు. ఇంగ్లీషులో బ్రూస్ పెన్‌మన్ అనువాదం పాతది, 2022లో మైకేల్ మూర్ చేసింది కొత్తది. కొత్తది హాయిగా చదివిస్తుంది.

ఇక ఉత్తరాల నవలలు. ఇక్కడ రెంటిలో ఒకటి ఎంచుకోవాలి, రెండూ వెంటవెంటనే చదివితే మనసు పాడవుతుంది. ఒకటి శామ్యూల్ రిచర్డ్‌సన్ రాసిన ‘క్లారిస్సా’, 1747-48. రెండోది ఫ్రెంచి రచయిత లక్లో రాసిన ‘డేంజరస్ లియేజాన్స్’, 1782. మొదటిది పెంగ్విన్ ప్రతిలో సుమారు 1500 పెద్ద పేజీలు. రెండోదానిలో 175 ఉత్తరాలు, వారాంతంలో ముగించవచ్చు. కాబట్టి చాలామంది పేజీలు లెక్కపెట్టి తేల్చేసుకుంటారు. అలా తేల్చుకోకండి.

‘క్లారిస్సా’లో దుష్టుడు లవ్‌లేస్. పెద్ద ఇంటి వారసుడు, మాటకారి, ఆడపిల్లల్ని వేటాడటం వాడికి విద్య. కానీ అసలు మొదటి కొన్ని వందల పేజీల దాకా దుష్టత్వం చేసేది వాడు కాదు, క్లారిస్సా కన్నవాళ్లు. తాత ఆస్తిలో కొంత ఆమె పేరు మీద రాసి పోయాడు. అన్నకూ అక్కకూ అది కడుపుమంట. సోల్మ్స్ అనే డబ్బున్న మోటు మనిషికి కట్టబెట్టాలని అందరూ కలిసి ఆమెను గదిలో పెట్టి, ఉత్తరాలు ఆపి, పనిమనిషిని మార్చి, రోజుకొకరు వచ్చి నచ్చజెబుతారు. సంబంధం విషయంలో ఇంట్లో నడిచే ఈ రకం సుతిమెత్తని హింస ఎలా ఉంటుందో హైదరాబాద్‌లో ఎవరికైనా వేరే వివరించాలా? ఆ ఇంట్లోంచి తప్పించుకోవడానికి లవ్‌లేస్ చెయ్యి పట్టుకుంటుంది. వాడు లండన్‌లో మర్యాదస్తుల ఇల్లని చెప్పి ఒక వేశ్యాగృహంలో దాచి, చివరికి మత్తుమందు ఇప్పించి చెరుస్తాడు.

ఆ సంగతిని వాడు స్నేహితుడికి రాసే ఉత్తరం మూడు నాలుగు వాక్యాలే. వందల పేజీలు వాగినవాడికి అక్కడ మాట పెగలదు. తర్వాత క్లారిస్సా చించి పారేసిన కాగితాల ముక్కలు వస్తాయి. ఒకదాంట్లో పంక్తులు అడ్డదిడ్డంగా వాలి ఉంటాయి. రిచర్డ్‌సన్ స్వయంగా ప్రింటరు కాబట్టి ఆమె మనసు చెదిరిన తీరు అచ్చులోనే చూపించాడు. పెళ్లి చేసుకుని పరువు నిలబెడతానని వాడూ, వాడి చుట్టాలూ వెంటపడితే ఆమె ఒప్పుకోదు. 18వ శతాబ్దంలో ఆ ‘ఒప్పుకోను’ ఎంత పెద్ద మాటో చూడండి. శవపేటిక ముందే తెప్పించి గదిలో పెట్టుకుని, దాన్నే బల్లగా వాడుకుని ఉత్తరాలు రాస్తుంది. సుఖాంతం చేయమని పాఠకులు బతిమాలినా రిచర్డ్‌సన్ వినలేదు.

కథ కోసం రిచర్డ్‌సన్‌ను చదివితే ఓపిక చచ్చి ఉరేసుకుంటారని ఆ కాలపు ఇంగ్లీషు రచయిత డాక్టర్ జాన్సన్ అన్నాడు. భావం కోసం చదవాలన్నది ఆయన ఉద్దేశం. దీనికి ఒక చిట్కా ఉంది. ఉత్తరాలన్నీ ఒకే ఏడాదివి, మొదటిది జనవరి 10వ తేదీది. ఏ తేదీ ఉత్తరం ఆ తేదీన చదువుకుంటూ పోతే చివరి ఉత్తరానికి చలికాలం మళ్లీ వస్తుంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోజూ మెట్రోలో పోయివచ్చేవాళ్లకు ఇంతకన్నా మంచి ఏడాది పథకం లేదు.

లక్లో నవల దీనికి పూర్తిగా తలకిందులు. అందులో కలం ఎక్కువగా వేటగాళ్ల చేతిలోనే ఉంటుంది. వాల్మోంట్ అనే వైకౌంట్, మెర్తేయ్ అనే మార్క్వీజ్ ఒకప్పటి ప్రేమికులు, ఇప్పుడు ఆటలో భాగస్వాములు. భక్తురాలైన తూర్వెల్‌ను పడగొట్టడం ఒక పని, కాన్వెంటు నుంచి అప్పుడే వచ్చిన సెసీల్ అనే చిన్న పిల్లను చెడగొట్టడం ఇంకో పని. తూర్వెల్ తన మీద నిఘాకు మనిషిని పెట్టిందని తెలిసి, వాల్మోంట్ పన్ను కట్టలేక సామాను జప్తు అవుతున్న పేద కుటుంబం దగ్గరికి కావాలనే పోయి 56 లివ్రలు కట్టేస్తాడు. ఆ కుటుంబం కాళ్ల మీద పడుతుంది, నిఘా మనిషి చూస్తాడు, వార్త చేరాల్సిన చోటికి చేరుతుంది. ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని దుప్పట్లు పంచేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ ఉత్తరమే గుర్తొస్తుంది.

రచన పరంగా లక్లో నవలదే పైచేయి, నేను ఒప్పుకుంటాను. ఒక్క వాక్యం వృథాగా లేదు. 81వ ఉత్తరంలో మెర్తేయ్ తనను తాను ఎలా తయారు చేసుకుందో చెప్పే చోట, ఆ కాలంలో తెలివైన ఆడది ఎందుకు అలా తయారైందో అర్థమై, ఆమె మీద కోపం ఎంత పెట్టుకోవాలో తెలియక తికమకపడతాం. కానీ చదువుతున్నంతసేపు మనం వేటగాళ్ల పక్కన కూర్చుని నవ్వుతుంటాం. పుస్తకం మూశాక ఆ నవ్వు గుర్తొస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆ ఇబ్బంది కావాలనుకునేవాళ్లకే అది. బాధ పడ్డవాళ్ల గొంతు వినాలంటే ‘క్లారిస్సా’నే. రెంటిలోనూ బలాత్కారం ఉంది, తెలిసే మొదలుపెట్టండి.

ఇంత బరువు వద్దు, రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టకుండా చదివించేది కావాలి అనేవాళ్లకు విల్కీ కాలిన్స్ ‘ద ఉమన్ ఇన్ వైట్’. 1859-60లో వారంవారం సీరియల్‌గా వచ్చింది, ఇప్పటికీ ఆ ఊపు తగ్గలేదు. ఇందులో సర్ పెర్సివల్ గ్లైడ్ బారోనెట్టు. అంటే వంశపారంపర్య బిరుదే కానీ, పక్కాగా లెక్కేస్తే ప్రభువుల కోవలోకి రాడు. మా డాబా మీద దీని గురించి కూడా అరగంట కొట్టుకున్నాం. వాడి స్నేహితుడు కౌంట్ ఫోస్కో మాత్రం మరచిపోలేని మనిషి. కొండలాంటి ఒళ్లు, ఒంటి మీద పాకే తెల్ల ఎలుకలు, వేలి మీద వాలే పిట్టలు, నోట్లో తేనె. లారా అనే అమ్మాయి 20,000 పౌండ్ల కోసం, పోలికలు కలిసే ఇంకో అమ్మాయి పేరుతో ఆమెను పిచ్చాసుపత్రిలో పెట్టించి, లారా చచ్చిపోయిందని సమాధి కట్టిస్తారు. బతికున్న మనిషి తాను బతికున్నానని రుజువు చేసుకోవాలి.

నాయనమ్మ ప్రశ్న ఇక్కడ వేస్తే జవాబు లారా బాబాయి ఫెయిర్లీ దగ్గర దొరుకుతుంది. పెళ్లి ఒప్పందంలో, లారా పోతే సొమ్మంతా మొగుడికే అన్న షరతు ప్రమాదమని లాయరు మొత్తుకుంటాడు. ఫెయిర్లీకి తన నరాలు, తన బొమ్మల సేకరణ తప్ప ఏమీ పట్టదు. విసిగించకండి అని ఒప్పేసుకుని పంపేస్తాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కి, చదవకుండా సంతకం పెట్టిన చుట్టం ఒక్కరైనా లేని కుటుంబం మన ఊళ్లో ఉంటే చెప్పండి. ఈ నవలను నిలబెట్టేది లారా కాదు, ఆమె అక్క మారియన్. వానలో కప్పు మీద పాకుతూ పోయి కుట్ర వింటుంది, జ్వరం తెచ్చుకుంటుంది. ఆ జ్వరంలో ఉండగా ఫోస్కో ఆమె డైరీ మొత్తం చదివి, చివర్లో మెచ్చుకుంటూ తన మాట కూడా రాసి పోతాడు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం కింద పెట్టేశాను, కాసేపు.

టాల్‌స్టాయ్ ‘రిజరెక్షన్’ 1899. ఇది వేరే దారి, ఇందులో దుష్టుడు తప్పు తెలుసుకుంటాడు. ప్రిన్స్ బిరుదున్న నెఖ్లూదోవ్ మేనత్తల ఇంట్లో పెరిగిన కత్యూషాను చెరిచి, చేతిలో వంద రూబుళ్లు పెట్టి పోయాడు. ఏళ్ల తర్వాత హత్య కేసులో జ్యూరీ సభ్యుడిగా కూర్చుంటే బోనులో ఆమె. చంపే ఉద్దేశం లేదని రాయడం జ్యూరీ మరచిపోతుంది, ఆమెకు సైబీరియా శిక్ష పడుతుంది. అందులో ఇతనూ ఒకడు. పెళ్లి చేసుకుని పాపం కడుక్కుంటానని జైలుకు పోతే, అప్పుడు నా ఒళ్లు వాడుకున్నావు, ఇప్పుడు పరలోకం కోసం నన్ను వాడుకుంటావా అన్న అర్థంలో ఆమె మొహం మీదే అంటుంది. ఆ ఒక్క సీను కోసమైనా చదవాలి. మిగతా సగంలో టాల్‌స్టాయ్ ఉపన్యాసం కొంచెం ఎక్కువే.

పిల్లలతో కలిసి చదువుకోవాలంటే డికెన్స్ ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’ తీసుకోండి. మార్క్విస్ బగ్గీ కింద పిల్లాడు పడి చచ్చిపోతే వాడు ఒక బంగారు నాణెం విసిరేసి, ముందు నా గుర్రాలకు దెబ్బ తగిలిందేమో అంటాడు. పదో తరగతి పిల్లలు ఆ చోట తప్పకుండా ఏదో ఒకటి మాట్లాడతారు. హార్డీ ‘టెస్’ చదివినవాళ్లు ఉంటారు కాబట్టి ఒక్క మాటే. అందులో అలెక్ ప్రభువుల ఇంటిపేరు తగిలించుకున్న షావుకారు కొడుకు, అసలు ప్రభువుల రక్తం ఉన్నది పాలు పితికే టెస్‌కే. ‘డ్రాకులా’ గురించి చెప్పాల్సింది తక్కువే. భయం బాగుంటుంది, కానీ రక్తం తాగే దెయ్యాన్ని అసహ్యించుకోవడానికి మనకు ధైర్యం అక్కర్లేదు. నాకు నచ్చిందల్లా ఏమిటంటే, ఆ కౌంటు ఇంగ్లండ్‌లో మొదట చేసిన పని ఇల్లు కొనడం. జోనాథన్ అనే లాయరు అంత దూరం పోయింది ఆ రిజిస్ట్రేషన్ కాగితాల కోసమే.

ఈ యూరప్ నవలలన్నీ కాపీరైట్ తీరిన పాత పుస్తకాలు, ఇంగ్లీషులో ఫోనులోనే ఉచితంగా దొరుకుతాయి. అనువాదాలకు మాత్రం పాతవాటికే ఆ వీలుంది. కాగితం మీద కావాలంటే ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్. డికెన్స్, హార్డీ కుప్పలుగా ఉంటాయి. మాంజోనీ కనిపిస్తే బేరం ఆడకుండా కొనేయండి. ‘క్లారిస్సా’ కొనేటప్పుడు అట్ట మీద సంక్షిప్తం అని ఉందేమో చూసుకోండి, నేను ఒకసారి చూసుకోలేదు. సగం కూడా లేని పుస్తకం ఇంటికి తెచ్చుకుని, తేదీలు కలవక నెలరోజులు జుట్టు పీక్కున్నాను.

మా ఓట్లు ఇలా పడ్డాయి. మాంజోనీకి మూడు, కాలిన్స్‌కి రెండు, లక్లోకి ఒకటి. బ్యాంకు మిత్రుడు ఓడిపోయిన కోపంతోనే కాలిన్స్ నవల మొదలుపెట్టి నాలుగు రోజుల్లో ఆరొందల పేజీలు చదివేశాడు. వచ్చే నెల మొదటి శనివారం మాంజోనీ, మొదటి పది అధ్యాయాలు. టీ మాది, ఉస్మానియా బిస్కెట్లు వచ్చేవాళ్లవి. ఆ ఫాదర్ తర్వాతైనా పెళ్లి చేశాడా లేదా అని నాయనమ్మ రోజూ అడుగుతోంది. నేను చెప్పడం లేదు.